ఎజెకియాస్ కాళ్ళు వెచ్చబడిన రోజు

ఆ శనివారం పొద్దున్న ఎజెకియాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. కరెంటు షెడ్డుకు వెళ్ళి యంత్రంలో డీజిల్ నింపాలి. బూట్లలోని పాత గడ్డి తీసేసి కొత్త గడ్డి పరవాలి. మర్నాడు ఆదివారం ప్రార్థన కాగానే కయాక్ అనే ఒంటిమనిషి పడవ ఎక్కి, సముద్రపు పాయ దాటి, అవతలి ఒడ్డున ఉన్న తబితతో ఒక మాట చెప్పాలి. ఆ మాట చెప్పడానికి ఇది పన్నెండో ప్రయత్నం.

మొదటి పదకొండూ చెడిపోవడానికి కారణం అతని పాదాలు.

ఎజెకియాస్‌కు నలభై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. కంగెక్ ఊరికి కరెంటు ఇచ్చే డీజిల్ యంత్రం అతని చేతుల మీద నడిచేది. ఊళ్ళో ఎవరి పడవ ఇంజను మొరాయించినా అతని దగ్గరికే తెచ్చేవారు. సొంత పడవ ఇంజను మాత్రం జూలై నుంచి వంటింటి బల్ల మీద ముక్కలై పడి ఉంది. భోజనానికి కూర్చోవాలంటే ముందు కార్బురేటరు జరపాలి. అందుకని వాళ్ళ నాన్న వదిలివెళ్ళిన, సీల్ అనే సముద్ర జంతువు తోలుతో చేసిన కయాక్‌నే బయటికి తీశాడు. తీసిన రెండో రోజే అది రాయి తగిలి చిరిగింది. పాయకు రెండు ఒడ్డుల్లోనూ తోలు కుట్టడంలో తబితను మించినవాళ్ళు లేరు కాబట్టి, అవతలి ఊరు ఇతిల్లాక్‌కు వేరేవాళ్ళ పడవలో వేయించుకుపోయాడు.

తబిత భర్త పోయి ఆరేళ్ళయింది. ఆవిడ మాట్లాడకుండా కుట్టింది. చివరి కుట్టు వేసి, జంతువు నరాలతో పేనిన దారం పళ్ళతో తెంపి, "నా కుట్లు నీళ్ళు ఆపుతున్నాయో లేదో అప్పుడప్పుడూ తెచ్చి చూపించండి" అంది. మర్యాదకు అన్న మాటే కావచ్చు. ఎజెకియాస్ దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాడు. ఆగస్టు నుంచి ప్రతి ఆదివారం తీసుకెళ్ళి చూపించాడు. ఒక్క చుక్క నీళ్ళు కారలేదు.

కయాక్‌లో మనిషికి చేతులతో పని ఉంటుంది, నడుముతో పని ఉంటుంది. పాదాలు మాత్రం ముందుకు చాపుకుని ఊరికే పడి ఉంటాయి. మంచుగడ్డలు తేలే నీళ్ళకూ వాటికీ మధ్య ఉన్నది ఒక్క తోలు పొర. రెండు గంటలు తెడ్డు వేసి అవతలి ఒడ్డు చేరేసరికి, మోకాళ్ళ కింద ఏమైనా మిగిలిందో లేదో చూసుకుంటేగానీ తెలిసేది కాదు. తబిత అతన్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, బూట్లు లాగి, పాదాలను గోరువెచ్చని నీళ్ళ బేసిన్‌లో పెట్టేది. వాటికి ప్రాణం తిరిగొచ్చేటప్పుడు పుట్టే నొప్పికి అతని కళ్ళ వెంట నీళ్ళు కారేవి. చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చి, టకటకలాడే పళ్ళ మధ్య నలిగి, "చ... చ... చలి" అని బయటపడేది.

"అవును, చలే" అనేది తబిత, మరో చెంబు వేడినీళ్ళు పోస్తూ.

నోరు స్వాధీనంలోకి వచ్చేసరికి పొద్దు వాలేది. చీకటి పడేలోగా తిరిగి రావాలి. వచ్చేవాడు. సాయంత్రాలు తన గదిలో దీపం ఆర్పేసి కిటికీ దగ్గర కూర్చుంటే, నల్లటి నీళ్ళ అవతల ఇతిల్లాక్ దీపాలు పదిహేను కనిపించేవి. ఎడమ నుంచి నాలుగోది ఆవిడది. అది వెలిగితే కాఫీ పెట్టుకునేవాడు. అది ఆరితే పడుకునేవాడు. సెప్టెంబరులో ఒకరోజు అది వెలగనే లేదు. ఆవిడ జలుబుతో పెందలాడే పడుకుందని మర్నాడు తెలిసేదాకా ఎజెకియాస్ ఏం చేశాడో అతనికే గుర్తు లేదు. ఊరికి మాత్రం గుర్తుంది. ఆ రోజు యంత్రంలో డీజిల్‌కు బదులు నీళ్ళు పోశాడు.

కాఫీ కప్పు పెదవికి ఆనించాడో లేదో, అక్క బెనెడిక్తా తలుపు తోసుకుని వచ్చింది. ఆవిడ పక్కింట్లోనే ఉంటుంది. ఆ వంటింట్లో పొద్దున్నే పొయ్యి కంటే ముందు రేడియో రాజుకుంటుంది. రెండు ఊళ్ళవాళ్ళూ, పాయలో తిరిగే పడవలవాళ్ళూ అందరూ ఒకే రేడియోలో మాట్లాడుకుంటారు కాబట్టి, ఆవిడకు తెలియకుండా ఆ నీళ్ళలో సీల్ కూడా ఈదదు.

"విన్నావుట్రా? తబిత నూక్ పట్నం వెళ్ళిపోతోందిట. అక్కడి బడిలో తోలు కుట్టడం నేర్పే ఉద్యోగమట. ఇవాళ ఓడకే! రెండింటికి బయలుదేరుతుంది. మధ్యాహ్నం వాళ్ళింట్లో అందరికీ కాఫీలూ కేకులూ."

"ఇవాళా?"

"ఇవాళే. మళ్ళీ ఓడ వచ్చేది జూన్‌లో. వచ్చే వారానికల్లా నీళ్ళ మీద మంచు కట్టదూ? నీకేం సంబంధం లేదులే, ఊరికే చెప్తున్నా."

"నాకేం సంబంధం" అంటూ ఎజెకియాస్ లేచి, గడ్డం గీసుకోవడానికి నీళ్ళు పెట్టుకున్నాడు.

"ఎక్కడికి బయలుదేరుతున్నావ్?"

"సీల్ వేటకి."

"గడ్డం గీసుకునా? ఆ చొక్కా చర్చికి వేసుకునేది కదూ! ఏ సీల్‌కో రాసిపెట్టి ఉంది ఆ అదృష్టం."

ఎజెకియాస్ నవ్వలేదు. సబ్బు నురగ ముఖంతోనే ఆవిడ వైపు తిరిగాడు. "అక్కా, కయాక్‌లో కాళ్ళు చల్లబడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

ఆ గొంతు విని బెనెడిక్తా నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇన్ని వారాలూ నువ్వు ఏమీ చెప్పకుండా తిరిగొచ్చింది కాళ్ళ వల్లనా?"

"ఒణుకుతూ ఎలా చెప్పను? నోరు తిరగదు. ఆవిడేమో నేను ఏడుస్తున్నానని తుండుగుడ్డ ఇస్తుంది."

"నేనింకా నువ్వు వట్టి మొద్దువనుకున్నానురా" అంది బెనెడిక్తా. ఆవిడ కళ్ళు తడిశాయి. "కూర్చో. ఈ పూట నీ కాళ్ళు చల్లబడితే నా పేరు మార్చుకుంటా."

ఆ పేరు మారాల్సిన అవసరం రాలేదు. మిగతావన్నీ మారాయి.

మొదట ముసలి కనూతిని పిలిపించింది. ఆయన ఈ అక్కాతమ్ముళ్ళ నాన్నతో కలిసి వేటాడినవాడు. యాభై చలికాలాలు కయాక్‌లో గడిపి పది వేళ్ళూ మిగుల్చుకున్న మనిషి. ఆయన బూటు లోపల చెయ్యి పెట్టి చూసి, "ఎండుగడ్డి చాలు. వదులుగా పరవాలి. లోపల వేళ్ళు ఆడాలి. వేళ్ళు ఆడితే వెచ్చన, బిగిస్తే చచ్చాయన్నమాటే" అన్నాడు.

"మీ కాలం చలి వేరు తాతా" అంది బెనెడిక్తా.

కనూతికి పౌరుషం పొడుచుకొచ్చింది. విసవిసా ఇంటికి వెళ్ళి, మూరెడు మందాన ఉన్న కుక్కబొచ్చు మేజోళ్ళు తెచ్చి బల్ల మీద పడేశాడు. "పోయిన మా ఆవిడ అల్లింది. ఎలాగూ నా మాట వినరు కాబట్టి ఇవీ తొడుక్కో. తొడుక్కోకపోతే ఆవిణ్ణి అవమానించినట్టే."

చనిపోయిన మనిషిని అవమానించడం ఎవరికీ ఇష్టం లేదు. బెనెడిక్తా తన పెట్టెలోంచి కుందేలు తోలు మేజోళ్ళు తీసింది. తడి తగలకుండా రొట్టెలు చుట్టి వచ్చే ప్లాస్టిక్ సంచులు తీసింది. ఆ పైన ఆవపిండి డబ్బా దించింది.

"ఇదెందుకు?" అన్నాడు ఎజెకియాస్.

"మా అత్తగారికి చలికాలంలో నర్సు పాదాలకి ఇదే రాసేది. ముసలావిడ మంచులో చెప్పుల్లేకుండా తిరిగింది."

"ఎంత రాసేది?"

"చిటికెడనుకుంటా. ఆవిడ పెరట్లోకే వెళ్ళేది, నీది రెండు గంటల దారి" అంటూ బెనెడిక్తా సగం డబ్బా సీల్ కొవ్వులో కలిపి, తమ్ముడి పాదాలకు పిక్కల దాకా పట్టించింది.

దాని మీద ఉన్ని మేజోళ్ళు. వాటి మీద కుందేలు తోలు. దాని మీద రొట్టెల సంచులు. ఆ పైన కనూతి భార్య జ్ఞాపకం. అన్నిటి చుట్టూ గడ్డి. ఇన్ని తొడిగాక ఎజెకియాస్ బూట్లు మడమ దాకా కూడా ఎక్కలేదు. బెనెడిక్తా పరుగెత్తి వెళ్ళి, ఊరందరిలోకీ పెద్ద పాదాలున్న తన మొగుడి బూట్లు తెచ్చింది. అవి ఎక్కాయి. ఎజెకియాస్ లేచి నిలబడితే రెండు దిండ్ల మీద నిలబెట్టిన మనిషిలా ఉన్నాడు.

వాళ్ళ నాన్న సన్నటివాడు. ఆ కయాక్ ఆయన ఒంటి కొలతకు చేసింది. ఒడ్డున దాన్ని నీళ్ళలో పెట్టి, ఎజెకియాస్ కాళ్ళు దూర్చబోతే సగంలోనే ఆగిపోయాయి. కనూతి వెనక నుంచి భుజాలు పట్టి నెట్టాడు.

"ఊపిరి బిగబట్టు!" అంది బెనెడిక్తా.

"ఊపిరికీ కాళ్ళకీ ఏం సంబంధమే?"

"నువ్వు మాట్లాడకు, మాట అక్కడికెళ్ళి చెప్పాలి! తాతా, నెట్టు!"

టప్పుమని చప్పుడై పాదాలు లోపలికి వెళ్ళాయి.

"వేళ్ళు ఆడుతున్నాయా?" అని అడిగాడు కనూతి.

"ఏ వేళ్ళు?" అన్నాడు ఎజెకియాస్.

"వెచ్చగా ఉందా లేదా?" అంది అక్క.

"ఉందే! నిజంగా ఉంది!" అతని ముఖం వెలిగిపోయింది. వెళ్ళినవి మళ్ళీ బయటికి ఎలా వస్తాయన్న సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

మొదటి గంట ఎజెకియాస్ జీవితంలోకెల్లా గొప్ప గంట. గాలి లేదు. నీళ్ళు నూనెలా ఉన్నాయి. తెడ్డు ముంచిన చోటల్లా లేత మంచుపొర గాజులా చిట్లుతోంది. తేలుతున్న మంచుకొండ పక్కనుంచి పోతూ గొంతు సవరించుకుని, "తబితా, నువ్వు వెళ్ళొద్దు" అన్నాడు. ఒక్క అక్షరం ఒణకలేదు. మంచుకొండ ఆ మాటను శుభ్రంగా తిప్పి చెప్పింది. తన గొంతు అంత బాగుంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు. రెండో కొండ దగ్గర ఇంకొంచెం పెంచి, "నీ దీపం చూడందే నాకు నిద్ర రాదు" అన్నాడు. అన్నాక సిగ్గేసి చుట్టూ చూశాడు. దూరాన ఇతిల్లాక్ ఇళ్ళు ఎర్రగా, పచ్చగా, అగ్గిపెట్టెలంత కనిపిస్తున్నాయి. వాటి ముందు ఓడ లంగరు వేసి ఉంది. ఈ రాత్రి నుంచి ఎడమ నుంచి నాలుగో దీపం ఉండదు. పద్నాలుగే ఉంటాయి. ఆ పద్నాలుగింటితో తనకేం పని? తెడ్డు వేగంగా వేశాడు.

సగం దారిలో పాదాల దగ్గర చిమచిమ మొదలైంది. మంచిదే అనుకున్నాడు. తర్వాత చురచుర. ఆ తర్వాత కందిరీగల గూట్లో కాళ్ళు పెట్టినట్టయింది. నుదుటి మీద చెమట పట్టింది. కాళ్ళు వెనక్కి లాక్కోబోయాడు. రాలేదు. పక్కకు తిప్పబోయాడు. తిరగలేదు. పదకొండు వారాలు వెచ్చదనం కోసం మొత్తుకున్న మనిషి, చుట్టూ ఉన్న మంచునీళ్ళను చూసి గుటకలు మింగాడు.

అప్పుడే చేపల పడవలో నికొలాయ్, అతని తమ్ముడూ ఎదురొచ్చారు. ఇంజను తగ్గించి, "ఏమయ్యా ఎజెకియాస్, ముఖం అలా ఉందేం?" అని అరిచాడు నికొలాయ్.

"కాళ్ళు మండిపోతున్నాయి!"

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గడ్డకట్టే కాలు ముందు నొప్పి పెడుతుందనీ, తర్వాత మొద్దుబారుతుందనీ, చివరికి మండినట్టు ఉంటుందనీ ఆ నీళ్ళలో పెరిగిన ప్రతివాడికీ తెలుసు.

"కదుల్తున్నాయా?"

"లేదు! అస్సలు కదలట్లేదు!"

"మా పడవలోకి ఎక్కు, తీసుకుపోతాం!"

"వద్దు! నేనే వెళ్ళాలి! రెండింటికల్లా వెళ్ళాలి, నాకు పనుంది!"

"మతి కూడా తప్పుతోందిరా" అన్నాడు నికొలాయ్ తమ్ముడితో. పడవను దూరంగా వెంట నడిపిస్తూ రేడియో అందుకున్నాడు.

ఆ తర్వాత రేడియోలో జరిగింది ఎజెకియాస్‌కు చాలా రోజులకు గానీ తెలియలేదు. నికొలాయ్ చెప్పింది, "ఎజెకియాస్ పాదాలు గడ్డకట్టినట్టున్నాయి" అని. అది విన్న బెనెడిక్తా, "అయ్యో, నా చేతులతో నేనే చేశాను, వాడి పిక్కల దాకా నేనే!" అని ఏడ్చింది. అది ఇతిల్లాక్ మంత్రసాని రాకెల్‌కు పిక్కల దాకా గడ్డకట్టిందని వినిపించింది. ఆ ఊరికి డాక్టరూ, నర్సూ, మందుల కొట్టూ అన్నీ ఆవిడే. ఆవిడ తబిత ఇంట్లో కాఫీ తాగుతున్న చర్చి ఉపదేశి ఎఫ్రాయిమ్‌తో మోకాళ్ళని చెప్పింది. ఉపదేశి ఓడ కెప్టెన్‌కు కబురు చేసేసరికి తొడలయ్యాయి. ఎజెకియాస్ నీళ్ళ మీద ఒక మైలు ముందుకొస్తే, రేడియోలో మంచు అతని ఒంటి మీద జానెడు పైకి ఎక్కింది.

ఒడ్డు దగ్గరపడుతుండగా ఎజెకియాస్‌కు మొదట కనిపించింది జనం. కాఫీకి వచ్చిన ఊరంతా ఒడ్డునే నిలబడి ఉంది. కొందరి చేతుల్లో కేకు ముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకపక్క తబిత పెట్టె, కుట్టుమిషను సామాన్ల తెప్పలోకి ఎక్కించి ఉన్నాయి. అందరికీ ముందు, నీళ్ళు బూట్లను తాకుతున్న చోట, తబిత కాఫీ కెటిలు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని ఎక్కడైనా దించాలన్న సంగతి ఆవిడకు తోచినట్టు లేదు.

కయాక్ మూతి ఇసుకను తాకింది. ఎజెకియాస్ లేవబోయాడు. లేవలేదు.

"ఎవరూ ముట్టుకోవద్దు!" అని రాకెల్ చేతులు అడ్డం పెట్టింది. "గడ్డకట్టిన కాలు లాగితే ఊడి చేతికొస్తుంది."

"నా కాళ్ళు బాగానే ఉన్నాయమ్మా. వేడిగా ఉన్నాయి" అన్నాడు ఎజెకియాస్.

రాకెల్ తల పంకించింది. "అందరూ అలాగే అంటారు నాయనా. ఆఖర్న వేడిగానే ఉంటుంది."

"చెమట కూడా పడుతోంది, చూడండి!"

"జ్వరం" అంది రాకెల్, జనం వైపు తిరిగి. ఎవరో అయ్యో అన్నారు. ఉపదేశి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అవి ఇరుక్కున్నాయంతే! మా బావ బూట్లు! లోపల కుక్కబొచ్చుంది, ఆవపిండి, రొట్టెల సంచి..."

"రొట్టెట పాపం" అంది ఒక ముసలావిడ, కళ్ళొత్తుకుంటూ. "ఆకలేస్తోంది కాబోలు." కేకు ముక్క అతని నోటికి అందించింది.

ఎజెకియాస్ కేకు మింగాడు. ఊరంతా చూస్తోంది. ఓడ ఒకసారి కూత వేసింది. తబిత అతని పాదాలున్న చోటు వైపే చూస్తోంది. తను కుట్టిన కుట్ల వైపు. ఇంత మంది మధ్య ఆ మాట చెప్పాలని ఏ ఆదివారమూ అనుకోలేదు. కానీ పళ్ళు ఒణకడం లేదు. నోరు తిరుగుతోంది. జూన్‌కు ఇంకా ఏడు నెలలు.

"తబితా, నువ్వు వెళ్ళొద్దు" అన్నాడు.

"సంధి ప్రేలాపన" అంది రాకెల్ నెమ్మదిగా. "ఇక తొందరగా ఓడ ఎక్కించాలి."

"సంధి కాదు! నీ దీపం ఎడమ నుంచి నాలుగోది. అది ఆరేదాకా నేను పడుకోను. కుట్లు చూపించడానికి రాలేదు నేను. అవి మొదటి రోజునే బాగున్నాయి..."

"నీళ్ళు చల్లండి ఎవరైనా!" అన్నాడు ఉపదేశి.

"ఎవరూ చల్లొద్దు" అంది తబిత.

ఆవిడ గొంతు పెంచి మాట్లాడటం ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. ఆవిడ కెటిలుతోనే నీళ్ళలోకి రెండడుగులు వేసి, కయాక్ పక్కన నిలబడింది. "సంధి అయితే అవనీండి. ఆయన్ని చెప్పనివ్వండి."

చెప్పమన్నాక ఎజెకియాస్‌కు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "అంతే" అన్నాడు.

తబిత, అతనికొక్కడికే వినపడుతుందనుకుని, అందరికీ వినపడేలా అంది. "పదకొండు ఆదివారాలు మీ కాళ్ళకి కాపడం పెట్టాను. కాళ్ళతో పాటు నోరు కూడా కరుగుతుందేమోనని చూశాను. ప్రతిసారీ చలి గురించే చెప్పారు. చలి గురించి చెప్పడానికి ఇంత దూరం ఎవరొస్తారు, పోనీ చలి బాగా ఎక్కువేమో అనుకున్నాను. ఎన్నాళ్ళని అనుకోను? అందుకే ఆ ఉద్యోగానికి ఒప్పుకున్నా." ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, కయాక్ తోలు మీద చెయ్యి వేసింది. "కాళ్ళు పోతే పోనీ. కాళ్ళున్నప్పుడు మాత్రం నువ్వు నడిచిందేముంది?"

ఆవిడ మొదటిసారి 'నువ్వు' అన్నది ఎజెకియాస్ విన్నాడు. ఆ క్షణంలో నిజంగానే అతనికి కాళ్ళ సంగతి గుర్తు లేదు.

అది గుర్తుచేసుకుని నోరు తెరిచేసరికి ఆలస్యమైంది. ఆరుగురు మగవాళ్ళు కయాక్‌ను అతనితో సహా భుజాల మీదికి ఎత్తారు. పల్లకిలో పెళ్ళికొడుకులా తెడ్డు చేతబట్టుకుని, "దించండి! నేను వెళ్ళడానికి రాలేదు, ఆపడానికి వచ్చాను!" అని అరుస్తూనే తెప్ప ఎక్కాడు. ఉపదేశి ఎత్తుకున్న ప్రార్థన గీతంలో ఆ కేక ఎవరికీ వినిపించలేదు. ఓడ పక్కకు చేరాక, చేపల పెట్టెలు ఎత్తే కొక్కేనికి తాళ్ళు కట్టి పైకి లాగారు. ఎజెకియాస్ గాలిలో ఒకసారి మెల్లగా గుండ్రంగా తిరిగాడు. ఒక ఒడ్డున ఇతిల్లాక్, ఇంకో ఒడ్డున కంగెక్, రెండూ కనిపించాయి. తర్వాత డెక్ మీద వాలాడు. వెనకే తబిత నిచ్చెన ఎక్కి వచ్చింది. రెండింటికి ఓడ కదిలింది.

ఒడ్డు కనుమరుగయ్యాక తబిత తోలు కోసే అర్ధచంద్రాకారపు కత్తి తీసింది. తను కుట్టిన కుట్లను తనే, ఒక్కొక్కటీ తెంపింది. అప్పుడు గానీ ఆ పెద్ద బూట్లు బయటికి రాలేదు. బూటు లాగింది. గడ్డి రాలింది. కుక్కబొచ్చు మేజోడు వచ్చింది. రొట్టెల సంచి వచ్చింది. కుందేలు తోలు, దాని కింద ఉన్ని. ఆఖరి మేజోడు విప్పేముందు ఆవిడ కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి, చల్లగాలిలో పొగలు కక్కుతూ, ఉడికిన పీతల్లా ఎర్రగా రెండు పాదాలు, పది వేళ్ళూ ఉన్నాయి. ఆవపిండి ఘాటుకు పక్కనున్న కెప్టెన్ మూడుసార్లు తుమ్మాడు.

తబిత ఒక వేలిని గిల్లి చూసింది.

"అబ్బా!" అన్నాడు ఎజెకియాస్.

"బాగానే ఉన్నాయన్నమాట!"

"మొదటి నుంచీ అదే చెప్తున్నా."

"ఊరందరి ముందూ నా చేత అంత మాట అనిపించావు! కాళ్ళు పోతే పోనీ అన్నాను నేను!" తబిత మేజోడు తీసి అతని మీద విసిరింది. అది చాలలేదు, రెండోదీ విసిరింది. ఆ తర్వాత అక్కడే డెక్ మీద కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో ఏడుపులోకి వెళ్ళి, తిరిగి వచ్చింది. ఎజెకియాస్ జేబులోంచి తుండుగుడ్డ తీసి ఇచ్చాడు. ఇలా ఇవ్వడం అతని వైపు నుంచి మొదటిసారి.

"ఓడ వెనక్కి తిప్పుతారా?" అని కెప్టెన్‌ను అడిగాడు.

కెప్టెన్ చూపుడువేలితో వెనక్కి చూపించాడు. ఓడ వదిలిన దారి మీద అప్పుడే కొత్త మంచు పల్చగా కమ్ముకుంటోంది. "జూన్‌లో తిప్పుతా."

"అయితే మా అక్కకి రేడియోలో చెప్పండి. కాళ్ళున్నాయని చెప్పండి. యంత్రం కనూతి తాతకి అప్పగించమనండి."

కెప్టెన్ రేడియో గదిలోకి వెళ్ళి, కాసేపటికి తలుపు సందులోంచి తల బయటపెట్టాడు. "మీ అక్కగారు కాళ్ళ సంగతి వదిలెయ్యమంటున్నారు. మాట చెప్పాడా లేదా అని అడుగుతున్నారు. రెండు ఊళ్ళూ వింటున్నాయట, కాస్త త్వరగా చెప్పమన్నారు."

ఎజెకియాస్ తబిత వైపు చూశాడు. ఆవిడ తెగిన కుట్లను వేళ్ళతో సరిచేస్తూ, తల ఎత్తకుండానే, "చెప్పాడని చెప్పండి" అంది.

ఓడ పుస్తకంలో రెండు కాళ్ళూ తీయవలసిన రోగి అని ఎక్కించేశాడు కాబట్టి, పట్నం చేరగానే కెప్టెన్ ఎజెకియాస్‌ను ఆసుపత్రిలో అప్పగించక తప్పలేదు. అక్కడి డాక్టరు ఆ పాదాలను తిప్పి తిప్పి చూశాడు, వాసన చూశాడు, తబిత చెప్పిందంతా మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. రోగం అన్న గడిని ఖాళీగా వదలడానికి ఆసుపత్రి నియమాలు ఒప్పుకోవు గనుక, కలం తీసి అందులో ఒక్క మాట రాశాడు: ఆలస్యం.